నోరు వాసన చూశారు

దీపావళికి ముందటి గురువారం పొద్దున పదకొండు గంటలకు, మా చేలో పురుగుమందు కొడుతున్న కూలివాడు పత్తి సాళ్ళ మధ్య కూలిపోయాడు. పత్తిని పచ్చపురుగు తినేసిన ఏడాది అది. కనిగిరి వైపు వానల్లేక, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చి నా గొడ్లచావిట్లో ఉంటున్నాడు.

మోసుకొచ్చి పాలకేంద్రం అరుగు మీద పడుకోబెట్టాం. ఒళ్ళంతా చెమట, నోట్లోంచి చొంగ. ట్రాక్టరున్న పెద్దరైతు అక్కడే ఉన్నాడు. బండి తీస్తే గంటలో నరసరావుపేట ఆసుపత్రి.

"నీ కాళ్ళకి దణ్ణం పెడతా, బండి తీయించయ్యా," అంది అతని భార్య.

"ఉండమ్మాయ్," అని పెద్దరైతు పురుగుమందుల కొట్టాయన వైపు తిరిగాడు. "వాడి నోరు వాసన చూడు బావా."

కొట్టాయన వంగి, ముక్కు మూసుకుని లేచాడు. "సారా కంపు! పొద్దున్నే పట్టించాడు."

"అదీ సంగతి. కరువు కరువంటా వస్తారు, చేతిలో కూలి పడితే గొంతులో పోసుకుంటారు. కష్టం వచ్చినోడికి చెయ్యాలిగానీ, తాగి పడినోడికి నా డీజిలు తగలెయ్యాలా? మజ్జిగ పొయ్యండి, సాయంత్రానికి లేచి పాటలు పాడతాడు."

నవ్వారు.

"ఆయనకి తాగే అలవాటు లేదయ్యా," అని ఆమె నా వంక చూసింది. "నువ్వన్నా చెప్పయ్యా."

సారా పోసింది నేనే. కడుపులో గుక్కెడు సారా ఉంటే పురుగుమందు ఒంటికి పట్టదని మా వైపు నమ్మకం. వద్దంటున్నా గ్లాసు చేతిలో పెట్టి తాగించాను. ఆ మాట బయటపెడితే కేసు నా మెడకు చుట్టుకుంటుందని నోరు మెదపలేదు.

పదిహేను రోజుల ముందు మా ఊరి రైతే పంట పోయి పురుగుమందు తాగితే, మూడు ట్రాక్టర్లు పోటీపడ్డాయి. ఎవరూ వంగి వాసన చూడలేదు. అతను సారా కూడా తాగాడని తర్వాత తెలిసింది. "పాపం, బాధ దిగమింగలేక తాగుంటాడు," అన్నారు.

ఇతనికి మజ్జిగ పోశారు, కక్కుకున్నాడు. ఒంటిగంట దాటి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలయ్యాక గానీ పెద్దరైతు ట్రాక్టరు తీయించలేదు. ఊరి బయట చప్టా దాటకముందే ప్రాణం పోయింది.

అప్పుడొచ్చింది మా ఊరికి జాలి. కొత్త పంచె వచ్చింది, బియ్యం మూట వచ్చింది, కనిగిరి దాకా శవాన్ని చేర్చడానికి అదే ట్రాక్టరు ఊరికే వచ్చింది. "కష్టజీవి," అన్నాడు కొట్టాయన. ఆమె బియ్యం ముట్టుకోలేదు. నా వంక మళ్ళీ చూడలేదు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని ఇది రాస్తున్నాను. పేర్లు రాయను, ఎవరెవరో వాళ్ళకు తెలుసు. ఆ రోజు అరుగు దగ్గర ఉన్నవాళ్ళు: ట్రాక్టరు పెద్దరైతు, పురుగుమందుల కొట్టాయన, పాలు కొలిచే ఆయన, మజ్జిగ తెచ్చిన ఆయన భార్య, నవ్విన నా తమ్ముళ్ళిద్దరు, చచ్చిపోయినతను, అతని పెళ్ళాం, నేను.