కొంగున కట్టిన తవుడు

కిందటి నెలలో నా కుడిచేయి తిమ్మిరెక్కి రెండు రోజులైనా దిగకపోతే, మా మనవరాలు నన్ను కర్నూలు తీసుకుపోయి సొరంగంలాంటి ఒక యంత్రంలో పడుకోబెట్టించింది. అరగంట సేపు చెవుల పక్కన రోకళ్ళతో దంచినట్టు ఒకటే చప్పుడు. కదలొద్దన్నారు గనక కదలకుండా పడుకున్నాను. బయటికొచ్చాక, ఇంకా మీసం సరిగా మొలవని డాక్టరు ఒకాయన నా తలలోపలి బొమ్మను వెలుగుతున్న పలక మీద తగిలించి, ఇక్కడ మసకగా ఉన్నచోట కొన్ని నరాల కణాలు చచ్చిపోయాయి అవ్వా, మిగతావన్నీ బాగున్నాయి, భయపడొద్దు అని వేలు పెట్టి చూపించాడు. నేను మొదట అడిగిన మాట, దీన్ని గీసిందెవరు నాయనా అని. ఎవరూ గీయలేదు, యంత్రమే తీసిందని ఆయన నవ్వాడు. నాకు మాత్రం మా అక్క గుర్తొచ్చింది, ఆమె వెంటే అరవై ఏళ్ళుగా కడుపులో దాచుకున్న కుళ్ళూ గుర్తొచ్చింది.

అక్కంటే తోడబుట్టింది కాదు, మా పెద్దమ్మ కూతురు. అక్క చిన్నప్పుడే పెద్దమ్మ పోతే మా అమ్మే పెంచింది. బద్వేలుకు రెండు మూడు కోసుల దూరంలో మాది చిన్న పల్లె. నాకన్నా రెండేళ్ళు పెద్దదైన అక్క వెనకాలే నేనూ మిషను బడికి పోయాను, ఆమె వెనకాలే మిషను ఆసుపత్రిలో పనికీ చేరాను. ఎక్కడికి పోయినా ఆమె వెనకాల పోవడమే నా రాత. ఆదివారం గుడిలో ఆమె కీర్తన ఎత్తుకుంటే అందరూ తలెత్తి చూసేవాళ్ళు, నేను గొంతు కలిపితే పక్కనున్నవాళ్ళకు దగ్గొచ్చేది. చింతపండు కొట్టినా, రొట్టె తట్టినా, అమ్మ నోట మొదట వచ్చే మాట అక్కను చూసి నేర్చుకోమనే. ఇంట్లో ఒక అక్క కింద పెరిగినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు, మీకే తెలుస్తుంది.

ఇదంతా రెండో యుద్ధానికి ముందు మాట. మా ఆసుపత్రి డాక్టరమ్మ సముద్రం దాటి వచ్చిన మనిషి. మా సీమకు రాకముందు కొన్నేళ్ళు కోస్తాలో పనిచేసిందట. అక్కడ మరపట్టిన తెల్లబియ్యం తినేవాళ్ళకు కాళ్ళు మొద్దుబారి, చచ్చుబడిపోవడం కళ్ళారా చూసిందట. మా పక్క ఆ రోగం కనబడలేదు. కనబడడానికి మేము తెల్లబియ్యం తింటే కదా! నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కొర్రన్నమో, జొన్నరొట్టో, సంగటో తప్ప వరన్నం అనేది క్రిస్మసుకు ఒకసారి, పెండ్లికి ఒకసారి, అంతే. అట్లాంటి ఊళ్ళో ఆ డాక్టరమ్మ ఆసుపత్రి వెనక రెండు కొట్టాలు వేయించి, ఒక కొట్టంలో కోళ్ళకు కొర్రలు, ఇంకో కొట్టంలో కోళ్ళకు రైల్లో తెప్పించిన మల్లెపూవులాంటి మరబియ్యం పెట్టించేది. మనుషులకు లేని భోగం కోళ్ళకు పట్టిందని ఊరంతా నోళ్ళు నొక్కుకున్నారు. ఆ భోగం తిన్న కోళ్ళే మూడు నాలుగు వారాలకు కాళ్ళు ఈడ్చి, మెడ వెనక్కి విరుచుకుని పడిపోయేవి.

తెల్లబియ్యానికి నరం చస్తుందని అప్పటికే పెద్దవాళ్ళు కనిపెట్టేశారట. డాక్టరమ్మ పట్టుదలంతా అది ఎట్లా చస్తుందన్న దాని మీద. నరాల కణం వెన్నులో ఉంటుంది, దాని తోక కాలివేళ్ళ దాకా సాగి ఉంటుంది. చావు మొదలయ్యేది కణంలోనా, తోక చివరలోనా? చెట్టు వేరు కుళ్ళి ఎండిందా, కొమ్మ చివర నుంచి ఎండుతూ వచ్చిందా అని రైతు చూసుకున్నట్టే అని ఆమె మాకు వచ్చీరాని తెలుగులో వివరించింది. వేరు బతికుంటే మళ్ళీ చిగురు ఆశ ఉంటుంది కదా, అందుకు.

కోడిని కోసి, నరాన్నీ వెన్నుపామునూ తీసి, మందుల్లో నానబెట్టి, ఉల్లిపొర కన్నా పలచగా యంత్రం మీద కోయడం నా పని. ఆ మందుల్లో ఒకటి ఉండేది, మూత తీస్తే కళ్ళు భగ్గుమనేవి. చచ్చిన నరం ఎక్కడుంటే అక్కడ నల్లచుక్కలు తేలేది దానివల్లనే. నా గోళ్ళు కూడా ఆ మందుకు నల్లబడిపోయి ఎంత తోమినా పోయేవి కావు. అక్క పని కిటికీ దగ్గర, వెలుతురులో, కుర్చీలో. మైక్రోస్కోపు మీద చిన్న అద్దం బిగిస్తే లోపలి కణమూ, పక్కన కాగితమూ ఒకే చోట కనబడేవట. ఆ కణం అంచు వెంట పెన్సిలు నడిపి, ఆ మీదట సిరాతో చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ, పచ్చబొట్టు పొడిచినంత ఓపికగా ఆమె బొమ్మ దించేది. వచ్చిన పాదిరీలూ, దొరలూ అందరూ ఆ బొమ్మల దగ్గర నిలబడి ఆహా అనేవాళ్ళు. నేను పలచగా కోయకపోతే, నేను నలుపెక్కించకపోతే ఆమె గీసేదేముందని ఒక్కరికైనా తోచిందా? ఆమె తెల్లటి వేళ్ళు చూసుకుని, నా గోళ్ళు చూసుకుని, నేను మధ్యాహ్నం సంగటి కూడా ఆమెకు వీపు తిప్పి తినేదాన్ని.

ఇంతలో డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఈ పరిశోధన ముగిశాక మా ఇద్దరిలో ఒకరిని ఏడాది పాటు మద్రాసు పంపి, అక్కడి పెద్ద కాలేజీలో ఈ పనే నేర్పిస్తానంది. ఎవరినో చెప్పలేదు. చెప్పాలా? మద్రాసు అన్న మాట వినగానే ఆసుపత్రిలో అందరి కళ్ళూ కిటికీ దగ్గరి కుర్చీ వైపే తిరిగాయి.

తెల్లబియ్యం కొట్టం కోళ్ళను కనిపెట్టుకుని, ఏది ఎప్పుడు కుంటిందో, ఎప్పుడు పడిందో పుస్తకంలో రాయడం అక్కకు అప్పగించారు, కొర్రల కొట్టం నాకు. ఒక పొద్దు మా అమ్మ ఆసుపత్రికి వచ్చి, పడిపోయిన కోళ్ళను చూసి ముక్కున వేలేసుకుంది. "వాలిన కోడికి పిడికెడు తవుడు ఏస్తే లేసి తిరుగుతాది. ఇది తెలీకుండా ఇన్ని సదువులు యాలనో" అంది. మా పక్క ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది. కొర్రలు దంచిన తవుడు ఒక్క గింజంత కూడా పారేసే అలవాటు లేదు మాకు, కోళ్ళకో బర్రెకో పోవలసిందే. అమ్మ ఆ మాట అని ఊరుకుంది. నేను ఊరుకోలేదు.

ఆ మరుసటి రోజు నుంచి తెల్లవారేసరికి, అక్క మొహం కడుక్కుంటుండగానే, కొంగున ఇంత కొర్రతవుడు కట్టుకుపోయి ఆమె కొట్టంలో చల్లి వచ్చేదాన్ని. దాచేందుకేముంది, ఆమె కోళ్ళు లేచి తిరగాలి, నరాలు బాగైపోవాలి, ఆమె గీయడానికి ఒక్క నల్లచుక్క కూడా మిగలకూడదు, మద్రాసు మాట గాలికి పోవాలి. ఇదీ నా కోరిక. మూడో రోజుకే కోళ్ళు మెడలెత్తాయి. వారానికల్లా కుంటుకుంటూ నడిచాయి. డాక్టరమ్మ తల పట్టుకుని, కోళ్ళు ఏం తిన్నాయని అందరినీ నిలదీసింది. నేను నాకు తెలీదన్నాను. అక్క తలొంచుకుని పుస్తకంలో ఆ రోజు లెక్క రాసుకుంది. బియ్యం గోతాల్లో తవుడు కలిసొచ్చిందేమోనని డాక్టరమ్మే ఏదో సమాధానం చెప్పుకుని, అన్నిటికన్నా ముందుగా లేచిన ఎర్రకోడిని కోయమంది.

ఆ కోడి నరాన్ని కోసిందీ, నలుపెక్కించిందీ నేనే. డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి, మమ్మల్నీ పిలిచి చూపించింది. కాలివేళ్ళ దగ్గర నరమంతా నల్లచుక్కలే. పైకి వచ్చేకొద్దీ చుక్కలు పలచబడ్డాయి. వెన్నులోకి వచ్చేసరికి కణం కొంచెం ఉబ్బి ఉందంతే, బతికే ఉంది. కొమ్మలు ఎండాయి గానీ వేరు చావలేదు. పడిపోయి చచ్చిన కోళ్ళలో ఏది ముందో ఏది వెనకో తేలక తికమకపడుతున్న మనిషికి, పడి లేచిన కోడి ఆ గుట్టంతా విప్పి చెప్పింది. ఆ తర్వాత ఆమె తానే దగ్గరుండి తవుడు పెట్టించి మళ్ళీ చూసుకుంది, మళ్ళీ అట్లాగే వచ్చింది. అక్క ఆ ఎర్రకోడి నరాన్ని కాలివేళ్ళ నుంచి వెన్ను దాకా ఒకే కాగితం మీద పదిహేను రోజులు కూర్చుని దించింది. ఆమె చేతి బొమ్మలన్నిటిలోకీ అదే గొప్ప బొమ్మ. ఆ బొమ్మే ఆమెకు మద్రాసు దారి వేసింది.

నేను చెరచబోయిన పని ఆమె తలకు కిరీటమైంది. ఆ మంట ఎట్లాంటిదో చెప్పలేను. తవుడు వేసింది నేనేనని అరిచి చెప్పాలని నాలుక కొన దాకా వచ్చేది. చెబితే ఎందుకు వేశావంటారు, కుళ్ళుతో వేశానని చెప్పాలి. ఆ విధంగా ఘనత దక్కే దారీ నేనే మూసుకున్నాను. అమ్మ ఆమె కోసం రొట్టెలు కాల్చి మూట కడుతుంటే, కళ్ళల్లో పొగ పడిందని చెప్పి ఏడ్చాను.

అక్క బస్సెక్కే రోజు నన్ను పక్కకు పిలిచి, సిరా బొట్టు పడి చెడిపోయిన ఆ బొమ్మ మొదటి ప్రతిని చుట్టచుట్టి నా చేతిలో పెట్టింది. నా నల్లగోళ్ళ చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుంది.

"తవుడు ఏస్తాండింది నువ్వేనని నాకు తెలుసు చెల్లీ. నీ కొంగుకు అంటింది చూసినా. ఆ కోళ్ళు పడి కొట్టుకుంటాంటే నీ మనసు ఆగలే. నేనూ రోజూ చూస్తానే ఉంటి. బొమ్మ యాడ చెడిపోతాదోనని ఒక్క పిడికెడు ఏయలేకపోతిని. నా మనసు రాయి, నీది కాదు."

కాదని చెప్పడానికి బస్సు కదిలేదాకా సమయముంది. నేను చెప్పలేదు.

ఆమె మద్రాసులోనే స్థిరపడింది, అక్కడే పెండ్లయింది, ఎన్నో పుస్తకాలకు బొమ్మలు గీసింది. నేను ఇక్కడే, అదే ఆసుపత్రిలో, రక్తమూ ఉమ్మీ పరీక్షలు చేస్తూ కొలువు ముగించాను. అక్క ఏటా వేసవిలో వచ్చేది, వచ్చినప్పుడల్లా నా పిల్లల్ని కూర్చోబెట్టుకుని మీ అమ్మది ఎంత జాలిగుండెనో తెలుసా అని ఆ తవుడు కథ చెప్పేది. వాళ్ళు నన్ను మెచ్చుకోలుగా చూసేవాళ్ళు. నేను పొయ్యి దగ్గర ఏదో పనున్నట్టు లేచిపోయేదాన్ని. చివరికి మంచితనంలో కూడా ఆమెదే పైచేయి అయిందే అని దానికీ కుళ్ళుకున్నాను, ఏం చేయను. ఆమె పోయి ఎనిమిదేండ్లయింది.

కర్నూలు నుంచి వచ్చిన రోజు ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆ చుట్ట తీయించి మనవరాలికి చూపించాను. కాగితం పసుపు పట్టింది గానీ చుక్క ఒక్కటి చెదరలేదు. అంచున పెన్సిలుతో రాసి ఉన్న మాటను ఆ పిల్ల పైకి చదివింది, ఈ కోడిని మా చెల్లెలు లేపింది అని. దీన్ని అద్దం కట్టించి గోడకు తగిలిద్దామవ్వా అంది. ఆసుపత్రిలో ఇచ్చిన నా తల బొమ్మ ఆ పక్కనే మంచం మీద పడి ఉంది. ఎంత స్పష్టంగా ఉందో, కోయకుండా, నానబెట్టకుండా, ఒక్క ప్రాణం తీయకుండా అరగంటలో వచ్చిన బొమ్మ. దాని అంచున మాత్రం ఎవరి చేతిరాతా లేదు, దాన్ని చూసి కుళ్ళుకునేందుకు కిటికీ దగ్గర ఎవరూ కూర్చుని లేరు.

గోడకు వద్దులే అన్నాను. ఎందుకని అడిగితే, వెలుతురు తగిలితే సిరా వెలిసిపోతుందని ఏదో చెప్పి మళ్ళీ చుట్టచుట్టి పెట్టెలో పెట్టేశాను. అక్క బతికుంటే ఈపాటికి ఆమెతో నిజం చెప్పేసి ఉండేదాన్నని అనుకుంటే అదీ అబద్ధమే అవుతుంది, ఇన్నేళ్ళు చెప్పలేదు కదా. అందుకే ముఖం ఎరగని మీకు చెబుతున్నాను. ఆ కోళ్ళ మీద నాకు జాలి లేదు. ఆ తవుడంతా కుళ్ళుతోనే చల్లాను.