నడుమును నమ్మని ఓబుళమ్మ

రెండు వారాల క్రితం, ఒక సోమవారం మధ్యాహ్నం, పదో తరగతి పిల్లలకు పద్యం వివరిస్తున్న సమయంలో నా భర్త దగ్గర నుంచి ఫోను వచ్చింది. బడి వేళల్లో ఆయన ఎన్నడూ ఫోను చేయరు. వరండాలోకి వచ్చి ఎత్తాను. "అమ్మ పోయింది" అన్నారు. అన్నం తిని పడుకున్న మా అత్త ఓబుళమ్మ మళ్లీ లేవలేదు. బత్తలపల్లె నుంచి వచ్చిన డాక్టరు గుండె ఆగిందని చెప్పాడట. ఉదయం నేను బడికి బయలుదేరేటప్పుడు, చేలో కలుపు సగం మిగిలిందనీ, ఎండ తగ్గినాక మళ్లీ పోతాననీ చెప్పిన మనిషి! ఆ దిగ్భ్రాంతిలో దుఃఖం కంటే ముందు నన్ను ఆవరించింది భయం. ఎందుకంటే ఆమెను వంగమని ప్రోత్సహించింది నేనే.

మా ఇంట్లో 'గారు' అనే అలవాటు లేదు. అత్తను అత్తా అనే పిలిచాను, అలాగే రాస్తాను. మా మామ అకాలమరణం తరువాత ఐదెకరాల మెట్ట సేద్యం ఆమె ఒంటిచేత్తో నడిపింది. ఆ సేద్యమే ఆమెకు ఎవరినీ సులభంగా నమ్మకూడదని నేర్పింది. విత్తనం కొనేముందు ప్రతి మూటలోంచీ ఒక గింజ తీసి కొరికి చూసేది. ఆకాశం నల్లబడి ఊరంతా సంబరపడుతుంటే, "కురిసినాక చెప్పు" అనేది. వేరుశనగ చెట్లు పీకడంలో మాత్రం ఆమెకు సాటి లేదు. సాలు పట్టుకుని వంగిందంటే అవతలి గట్టు చేరేదాకా నడుమెత్తేది కాదని తోటి కూలీలు నేటికీ చెప్పుకుంటారు.

అటువంటి మనిషికి పదకొండేళ్ల క్రితం, పీకిన చెట్లు వామి వేస్తుండగా నడుము పట్టేసింది. ముగ్గురు పట్టుకొస్తే ఇల్లు చేరింది. పట్నంలో ఒక డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి, ఎముకలు అరిగాయనీ, ఇక వంగవద్దనీ, బరువెత్తవద్దనీ చెప్పాడు. ఎన్నాళ్లు అన్నది ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. మొదటి నొప్పి రెండు నెలల్లో చాలావరకు తగ్గింది. ఆమె మాత్రం తొమ్మిదేళ్లు వంగలేదు.

ఆ తొమ్మిదేళ్ల జాగ్రత్త ఒక కఠోర దీక్ష. చీర మీద నడుము బెల్టు నిద్రలో కూడా తీసేది కాదు. కింద పడిన గుడ్డ తీయడానికి చివర కొక్కెం కట్టిన కట్టె ఒకటి చేయించుకుంది. ప్లాస్టిక్ కుర్చీని నాలుగువైపులా నొక్కి చూడనిదే కూర్చునేది కాదు. కదిరికి పెళ్లికి పోదామంటే, "ఆ దోవలో గుంతలెన్ని ఉండాయో నీకు తెలుసునా?" అని బస్సునే అనుమానించేది. నా కూతురు తప్పటడుగులు వేస్తూ చేతులు చాచి వెళ్తే, రెండడుగులు వెనక్కి జరిగి, "ఎవురన్నా ఎత్తి ఇయ్యండి" అనేది. పిల్ల బిత్తరపోయి ఏడ్చేది.

ఆ ఏడుపు విన్నప్పుడల్లా నాలో సందేహం పెరిగింది. ఊళ్లో పెళ్లి జరిగితే నాలుగు గంటలు కుర్చీలో కూర్చోగల మనిషికి, కలుపు రోజుల్లోనే నొప్పి ఎందుకు ఎక్కువవుతుంది? నడకలో లోపం లేదు, ఆకలిలో లోపం లేదు. కోడలు వచ్చింది కదా అని పనిలోంచి తప్పుకుంటోందా? నా భర్తతో అంటే, "మాయమ్మ అబద్ధమాడదు" అని ఒక్క మాటతో తేల్చేశారు. ఆ మాట నా అనుమానాన్ని మరింత మొండిగా మార్చింది.

ఒకనాడు నేనొక నీచమైన పని చేశాను. దాన్ని దాచి ఈ వ్యాసం రాస్తే ఆమెకు అపచారం చేసినట్టే. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు, ఎప్పుడూ చేతిలో ఉండే వక్కాకు సంచిని మంచం కిందికి, గోడ దాకా తోశాను. బడికి పోతున్నానని చెప్పి గడప దాటి, పెరటివైపు తిరిగొచ్చి కిటికీ పక్కన నిలబడ్డాను. వంగి తీసుకుంటుంది, నా అనుమానం రుజువవుతుంది అనుకున్నాను.

ఆమె సంచి కోసం వెతికింది. మంచానికి దూరంగా నిలబడి చూస్తే కనబడింది. "ఎవురన్నా ఉండారా?" అని రెండుసార్లు పిలిచింది. కట్టె పోనిస్తే అందలేదు. చివరికి గోడకు చేయి ఆనించి, నడుమును కొంచెం, చాలా కొంచెం వంచింది. అక్కడే ఆగిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. "వద్దు, వద్దులే" అని తనకు తానే చెప్పుకుంటూ నిటారుగా లేచి, మంచం మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చూసేవారు లేరనుకున్న చోట ఎవరూ నటించరు.

లోపలికి వెళ్లి సంచి తీసిచ్చాను. ఆమె సంచిని చూసింది, నన్ను చూసింది.

"అత్తా, వంగితే ఏమవుతుందని నీ భయం?" అని అడిగాను. ఆ ప్రశ్న అంతవరకు నేను ఒక్కసారీ అడగలేదు.

"మా చిన్నమ్మ చింతచెట్టు మింద నుంచి పడినాది. నడుము ఇరిగి, కాళ్లు పడిపోయి, నాలుగేండ్లు మంచంలో ఉండె. అన్నీ నేనే కడిగినా. ఆ డాక్టరు వంగొద్దు అన్నెప్పుడు నాకు ఆయమ్మ కాళ్లే కండ్ల ముందరికి వచ్చినాయి. నేను వంగిన ఆ పొద్దు నావీ అట్లే అయితాయి మ్మే."

మరుసటి వారం ఆమెను అనంతపురంలో ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్లాను. నాకంటే చిన్నది, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మా అత్త ఆమెను కూడా విత్తనాన్ని కొరికి చూసినట్టే పరీక్షించింది.

"వంగితే నా నొప్పి పోతాదా?"

"పోతుందని నేను చెప్పలేనమ్మా. కొంచెం నొప్పి ఉండొచ్చు. అన్నీ పరీక్షించి చూశాను, వంగితే మీ నడుము విరగదు. ఆ మాట మాత్రం చెప్పగలను. నొప్పి వేరు, దెబ్బ తగలడం వేరు."

బయటికి వచ్చాక నేను నిరాశపడ్డాను. ఆమె మాత్రం, "నొప్పి పోతాదని చెప్పలేదు చూడు. పోతాదని చెప్పింటే మల్ల వచ్చేదాన్ని కాదు" అంది. నా జీవితంలో నేను విన్న అత్యంత వివేకవంతమైన మాటల్లో అదొకటి.

కుర్చీలో కూర్చుని చేతులు మోకాళ్ల దాకా జార్చడం మొదటి పాఠం. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "నువ్వు ముందర చెయ్యి" అనేది. నేను చేశాక పది నిమిషాలు నన్ను గమనించి తాను చేసేది. మోకాళ్ల నుంచి పిక్కలకు చేరడానికి నెల పట్టింది. మధ్యలో ఒకసారి నొప్పి పెరిగింది. "ఆయమ్మా నువ్వూ కలిసి నన్ను మంచాన పడేస్తారు" అని రెండు వారాలు నాతో మాట్లాడలేదు. మూడో వారం తనే కుర్చీ లాక్కుని వచ్చింది.

ఆ ఏడు తొలకరి పడి మొలకలు వచ్చాక చేలోకి దిగింది. నేను పక్కనే ఉన్నాను. చాలాసేపు నిలబడి, ఊపిరి బిగబట్టి, వంగి ఒక్క కలుపు మొక్క పీకింది. లేచి ఎడమ కాలు కదిపి చూసుకుంది, కుడి కాలు కదిపి చూసుకుంది. "రెండూ ఉండాయి" అంది. మళ్లీ వంగింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఇన్నేళ్లలో మొదటిసారి నా కూతురిని తన చేతులతో ఎత్తుకుంది. అప్పటికి పిల్ల ఎత్తుకునే వయసు దాటి బరువెక్కింది. ఇద్దరూ కిందపడతారేమోనని భయపడి నేనే చేతులు చాచాను. "నువ్వు జరుగు" అని కసిరింది.

కొన్నాళ్లకు విత్తనానికి కాయలు వలుస్తూ కూర్చున్నప్పుడు, సంచి సంగతి చెప్పి క్షమించమని అడిగాను. ఆమె వలవడం ఆపలేదు.

"నాకు ఆ పొద్దే తెలుసులే. నా సంచికి కాళ్లొచ్చినాయా, అంత దూరం పోనీకె?"

"మరి అడగలేదేమత్తా?"

"అడిగింటే కొట్లాడుకుంటాంటిమి. తప్పు చేసినోళ్లు బాగా చూసుకుంటారు, చూసుకోనీలే అనుకున్యా."

అటువంటి మనిషి శవం ముందు, ధర్మవరం నుంచి వచ్చిన ఆమె చెల్లెలు నాగమ్మ నా భుజం పట్టుకుని కుదిపింది. "కలుపు పీకిచ్చి పీకిచ్చి మాయక్కను మింగినావు గదే! డాక్టరు వంగొద్దంటే వంగిచ్చినావు!" వచ్చినవాళ్లంతా విన్నారు. సగం మంది నమ్మారని వారి చూపులే చెప్పాయి. మర్నాడు డాక్టరమ్మకు ఫోను చేసి అడిగితే, వంగడానికీ ఆ గుండెకూ సంబంధం లేదని ఓపికగా వివరించింది. నమ్మాను. నమ్మాక కూడా, ఆ ఉదయం చేనికి పోవద్దని ఒక్క మాట అని ఉంటే అన్న శంక నన్ను వదలలేదు. ఇది రాస్తున్నప్పుడూ వదలలేదు.

పదకొండో రోజు కార్యం ముగిసి చుట్టాలు బయలుదేరుతుండగా నాగమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఆమె కూడా బాగా పాతబడిన నడుము బెల్టు కట్టుకుందని అప్పుడే గమనించాను.

"అక్కకు ఆఖర్న నొప్పి పోయినాదా?"

"పోలేదు చిన్నత్తా. అప్పుడప్పుడు వస్తానే ఉండె."

"మల్ల ఎట్ల వంగతాండె?"

"భయం తగ్గింది."

"నీ మాట మింద నాకు నమ్మకం లేదు. ఆ డాక్టరమ్మ యాడుంటాదో చెప్పు. నేనే పోయి అడుగుతా."

చిరునామా కాగితం మీద రాసిచ్చాను. చూడకుండానే మడిచి రవికెలో పెట్టుకుని ఆటో ఎక్కింది.

మా అత్తను ఆమె చేలోనే సమాధి చేశాం. మిగిలిన కలుపు ఆమె తోటి కూలీలే పీకేశారు. సన్మానాలు, బిరుదులు ఎరుగని జీవితం ఆమెది. తన దేహాన్నే శత్రువుగా తొమ్మిదేళ్లు అనుమానించి, ఆ శత్రువుతో తానే రాజీకి వచ్చి, రెండేళ్లు తన చేలో తాను వంగి బతికింది. ఆ ధైర్యానికి నా ప్రణామాలు. ఇక నా నష్టం సంగతి. నేను చేసిన అతి నీచమైన పని తెలిసి కూడా, దాన్ని కడుపులో పెట్టుకుని, నా చేతి అన్నం తిన్న మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది.