బంగారు అక్షరాల డబ్బాలు

మా ముత్తాత పోచంపల్లి వైపు నలభై మగ్గాలకు పట్టు ఇచ్చి చీరలు నేయించిన ఆసామి. మా తాత ఒక మాట చెబితే ఊళ్ళో దానికి తిరుగు లేదు. ఆయన ఇంట్లోంచి చీర బయటికి వెళ్ళేటప్పుడు నూలు గుడ్డలో చుట్టి, మగ్గం మీద మిగిలిన పోగులతో కట్టేవారు. మూట చూడగానే అది మా ఇంటి సరుకని తెలిసేదట. నాన్న కాలానికి మగ్గాలు, ఇల్లు, భూమి అన్నీ పోయాయి. నాకు మిగిలినవి దిల్‌సుఖ్‌నగర్ సందులో ఒక కిరాయి దుకాణం, మా ఇంటిపేరు.

ఆ ఇంటిపేరును చీరల డబ్బాల మీద బంగారు అక్షరాల్లో వేయించాను. మెరిసే అట్ట, లోపల ప్లాస్టిక్ కవరు, పైన ఇంకో సంచి. దుకాణం వెనక గదిలో కుట్టు మిషన్ నడిపే మా అక్క వాటిని చూసినప్పుడల్లా మూతి విరిచేది.

కొన్నవాళ్ళు చీరను తమ బ్యాగులో సర్దుకుని డబ్బాను దారిలోనే వదిలేసేవారు. ఒక సాయంత్రం మెట్రో పిల్లర్ కింద ఇద్దరు కోచింగ్ విద్యార్థులు మా డబ్బా మూతలో మిర్చి బజ్జీలు పెట్టుకుని తింటున్నారు. వచ్చి చెబితే అక్క పగలబడి నవ్వింది.

"మంచిదే గదరా. మన పేరు మీద నలుగురు తింటున్నరు. ముత్తాత గూడ గింత అన్నదానం చెయ్యలే."

నాకు నవ్వు రాలేదు. "మరేం జెయ్యమంటవ్? చీర ఉత్తగనే చేతుల పెట్టాల్నా?"

"తాత ఎట్ల పంపిండో గట్లనే పంపు."

నేతలో రంగు పక్కకు జారిన నూలు గుడ్డలు నేతగాళ్ళ ఇళ్ళలో ఊరికే పడి ఉంటాయి. అక్క వాటిని తెప్పించి, ఉతికి, చీర పట్టేంత సంచులు కుట్టింది. పారేసే పోగుల చివరలను పేని తాళ్ళు చేసింది. చీర మడతలో పెట్టే అట్టలను సరుకు వచ్చిన పాత పెట్టెల నుంచే కోసింది.

అప్పుడే ఎల్‌బీనగర్ నుంచి ఒకావిడ వచ్చారు. వాళ్ళది కోస్తా. కూతురి పెళ్ళికి బంధువులకు పెట్టే చీరలన్నీ మా దగ్గరే తీసుకుంటానన్నారు. ఆ బేరం పోతే ఆ ఏడు దుకాణం నిలవదు. ఆవిడ సంచిని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అదేంటండీ, పెళ్ళికి మరకల గుడ్డలో పెట్టి ఇస్తారా? మా వియ్యాలవారు ఏమనుకుంటారు?"

నేను డబ్బాల కోసం లేచాను. అంతలో అక్క పసుపు గిన్నెతో వచ్చింది. కొత్త బట్టకు పెట్టినట్టే సంచి నాలుగు మూలలా పసుపు అద్దింది. రంగు జారిన చోట ఇంకో చుక్క పెట్టింది.

"ఇప్పుడు జెప్పుండ్రి మేడం, మరక ఏది?"

ఆవిడ ఫక్కున నవ్వారు. "గడుసుదానివేనమ్మా! మా అమ్మ కూడా పసుపు పెట్టకుండా కొత్త బట్ట కట్టనిచ్చేది కాదు." నా వైపు తిరిగారు. "మరి దీని మీద మీ పేరు లేదేంటండీ? ఎక్కడ కొన్నారని అడిగితే?"

"నేత చూసి చెప్తరమ్మా," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా నడుము నిటారుగానే ఉంది.

చీరలన్నీ ఆ సంచుల్లోనే వెళ్ళాయి. పెళ్ళయిన కొన్ని నెలలకు కొత్తపేట నుంచి, నాదర్‌గుల్ నుంచి ఆ చీరలు అందుకున్నవాళ్ళు, ఆవిడను దుకాణం ఎక్కడో అడిగి, సంచి చేత్తో పట్టుకుని వచ్చారు. పట్టుకు గాలి ఆడుతోందని, జరీ నల్లబడలేదని చెప్పారు. ఇంకో చీర కొని, అదే సంచిలో పెట్టించుకుని వెళ్ళారు. ఇప్పుడు మా దుకాణంలో ప్లాస్టిక్ కవరు లేదు. అక్కకు సాయంగా మరో కుట్టు మిషన్ వచ్చింది.

అటక మీద మిగిలిన బంగారు అక్షరాల డబ్బాలన్నిటినీ పాత అట్టలు కొనే అతనికి తూకానికి అమ్మేశాం.