అందేంత ఎత్తులో నల్లబోర్డు

ఇబ్రహీంపట్నం బస్టాండులో నా పక్కన కూర్చున్న ముసలి మేస్త్రీ, నా కొంగుకంటిన సుద్దపొడి చూసి అడిగాడు.

"టీచరమ్మవా? మీ బడిల నల్లబోర్డు ఎంత ఎత్తుల ఉంటది?"

చెయ్యెత్తి చూపించాను.

"గంత ఎత్తైతే చిన్నపిల్లలకు అందదు."

ఆఫ్రికాలో ఒక పల్లెలో ఆడపిల్లల బడి కట్టడానికి ఏదో కంపెనీ ఆయన్ని తీసుకుపోయిందట. కొత్త గోడలు తడపడానికి ఆ పిల్లలే రోజూ వాగు నుంచి నీళ్లు మోశారు. ఆయన వాళ్ల భుజాల ఎత్తు కొలిచి, బోర్డు కిందికి కట్టాడు. ప్రారంభం రోజు పిల్లలందరినీ నిలబెట్టి ఫొటోలు తీశారు. మర్నాడు గేటుకు తాళం పడింది. ఆ గదులు కంపెనీ ఆఫీసర్ల బసకట.

"బోర్డు మీద సున్నం ఎయ్యమన్నరు. ఏసిన. పిల్లలు కిటికీలకెల్లి చూస్తనే ఉన్నరు. కంపెనీ సాబు ఎవరో వాళ్లకు ఎర్కలేదమ్మా. వాళ్లకు ఎర్కున్న మొఖం నాదొక్కటే."

అంతలో నా బస్సు వచ్చింది. ఎక్కేశాను.

ఇప్పటికీ బోర్డు తుడిచే ముందు, కిటికీ బయట ఎవరైనా ఉన్నారేమోనని చూస్తాను.