ఒంటిగంట భోజనం

ఇటలీవాళ్ళు మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనానికి కూర్చుంటారు, రాత్రి ఎనిమిదికి మళ్ళీ కూర్చుంటారు. మిగతా వేళల్లో ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు తక్కువ. అందుకని అల్బేనియా రాజధాని తిరానాలో మా కాల్ సెంటర్‌కి ఆ రెండు వేళలే పంట. అవతలివాడి నోట్లో ముద్ద ఉన్నప్పుడు మా పిల్లల నోట్లో మాట ఉండాలి. నేను పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాను. నేను ఫోన్లు చెయ్యను. చేసినవాళ్ళ రికార్డింగులు విని మార్కులు వేస్తాను. పలకరింపుకి ఇన్ని, ఓర్పుకి ఇన్ని, అమ్మకానికి ఇన్ని. నా పేరు లుమ్తూరీ. మా భాషలో సుఖం అని అర్థం. పెట్టినవాళ్ళిద్దరూ పోయారు, ఇంకెవరిని అడగను.

లెదీనా కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, నవ్వితే గదంతా వినిపించేది. పన్నెండు నుంచి తొమ్మిది దాకా డ్యూటీ. అమ్మేది షుగర్‌ని అదుపులో పెడతాయని చెప్పుకునే మాత్రలు. ముందు కాగితం చూసి చదవాలి: "సిన్యోరా, ఏం తింటున్నామన్నదే కాదండీ, ఏ వేళకి తింటున్నామన్నది కూడా ముఖ్యం. రోజూ ఒకే వేళకి తినండి. పొద్దుపోయాక తినకండి." రోజుకి నూట యాభైసార్లు ఆ మాటలు చదివేది, ఖాళీ కడుపుతో. తను పదిన్నరకి లేచి కాఫీ తాగి బస్సెక్కేది. నాలుగింటికి పావుగంట విరామంలో కింద కొట్లో బ్యూరెక్ ముక్క, అదే జున్ను కూరిన రొట్టె, నిలబడి మింగేది. ఇల్లు చేరేసరికి పదిన్నర. అప్పుడు వాళ్ళమ్మ హైరియె చిక్కుడు గింజల పులుసు వేడిచేసి, అన్నమూ రొట్టే పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. పిల్ల రోజంతట్లో ఒళ్ళెరిగి తినేది ఆ ఒక్కపూటేనని ఆవిడ బాధ. తిన్నవెంటనే పడక.

వాళ్ళ నాన్న షుగర్‌తోనే పోయాడు, నలభై తొమ్మిదేళ్ళకి. ముందు కాలు పోయింది, తర్వాత మనిషి.

మార్చిలో లెదీనా, ఊరికే కళ్ళు తిరుగుతున్నాయని పాలీక్లినిక్‌కి వెళ్ళింది. తిరిగొచ్చి నా టేబుల్ అంచున కూర్చుంది.

"పిన్నీ, ఆ డాక్టరు మన కాగితమే నాకు చదివి వినిపించాడు. మాత్రలు మాత్రం అమ్మలేదు."

"నవ్వింది చాల్లే. ఏమన్నాడో చెప్పు."

"రక్తంలో షుగర్ గీత మీదుందట. కాలేయానికి కొవ్వు పట్టిందట. అదే పులుసు మధ్యాహ్నం తింటే ఒళ్ళు సర్దుకుంటుందట, పడుకోబోయేముందు తింటే సర్దుకోలేదట. నీ ఒంటికి పగలేదో రాత్రేదో తెలీకుండా చేశావు అన్నాడు. మధ్యాహ్నం కడుపునిండా తిను, రాత్రి పెందలాడే కొంచెం తిను, ఆర్నెల్లు చూస్తా, దిగకపోతే మందులే అన్నాడు." లేవబోతూ అంది, "పిన్నీ, నాకు మా నాన్నలా అవ్వాలని లేదు."

మా ఫ్లోర్ పెద్ద జెంతియాన్. ముప్ఫై రెండేళ్ళవాడు, చొక్కాకి ఇస్త్రీ, మనసుకి అంతకంటే ఇస్త్రీ. ఒంటిగంటకి అరగంట విరామం ఇమ్మని లెదీనా అడిగితే పకపకా నవ్వాడు.

"ఇటలీ అంతా టేబుల్ ముందు కూర్చుని ఉంటుందమ్మా అప్పుడు. నువ్వూ కూర్చుంటే ఫోనెవరు చేస్తారు, మా నాయనమ్మా? జూన్ ఆఖర్లో దొనీకా కాన్పుకి వెళ్తుంది. దానిది పొద్దున సీటు, ఎనిమిదింటినుంచి నాలుగుదాకా, ఫిర్యాదుల ఉత్తరాలు. మార్కుల్లో ఎవరు మొదటుంటే వాళ్ళది. తెచ్చుకో మరి."

ఆ సీటు వస్తే మధ్యాహ్నం భోజనం ఉంటుంది, ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటుంది. లెదీనాకి ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ఏప్రిల్లో ఒకరోజు ఇటలీలో ఫెరారా ఊళ్ళో ఒరెస్తె అనే ముసలాయన ఫోన్ ఎత్తాడు. భార్య పోయినవాడు, ఒంటరి. లెదీనా కాగితం సగం చదివేసరికి అడ్డుకున్నాడు.

"తినే వేళ గురించి చెప్తున్నావు, బావుంది. నేను తింటూనే ఉన్నా. మరి నువ్వు తిన్నావా తల్లీ?"

నియమం ప్రకారం నవ్వి మాట మార్చాలి. ఆకలి మీదున్న పిల్ల నిజం చెప్పేసింది. "లేదండీ. మీరంతా ఇంట్లో ఉండేది ఇప్పుడేగా."

"అయ్యో పిచ్చిదానా! దగ్గర ఏమైనా ఉందా? ఉంటే తిను. నేను పెట్టెయ్యను. నీ మీద ఉన్నవాడు మాట్లాడుతున్నావనుకుంటాడు."

ఫోన్ కంచం పక్కన పెట్టినట్టున్నాడు. తర్వాత పదకొండు నిమిషాలు రికార్డింగులో ఫోర్కు చప్పుడు, లెదీనా వైపు రొట్టె నమలడం. మధ్యలో ఒకసారి "నెమ్మదిగా" అన్నాడాయన. సిగ్గు విడిచి చెప్తున్నాను, అది వింటూ నేను ఏడ్చాను. మా ఇంట్లో కూడా నన్నెవరూ నెమ్మదిగా తినమనలేదు.

మర్నాడు ఒంటిగంటకి లెదీనా ఆయన నంబరే కొట్టింది. ఆ మర్నాడూ అంతే. డబ్బాలో పులుసూ అన్నమూ తెచ్చుకోవడం మొదలుపెట్టింది. తెరమీద "సంభాషణలో ఉన్నారు" అని పచ్చగా వెలుగుతుండగా కడుపునిండా తినేది. మిగతా ఎనిమిది గంటలూ ఇద్దరి పని చేసి అందరికంటే ఎక్కువ అమ్మింది. నాలుగింటి విరామాన్ని ఆరింటికి మార్చుకుని, అప్పుడు పెరుగూ రొట్టే. ఇంటికెళ్ళి ఆకలి లేదంటే హైరియె ఊరుకోలేదు. నాకు ఫోన్ చేసి మరీ దులిపింది. "దీనికి ఎవడో వండి పెడుతున్నాడమ్మా! నా చేతి వంట వెగటైపోయింది దీనికి. నీకు తెలిసే ఉంటుంది, దాచకు."

వండి పెట్టేవాడెవడూ లేడు, పక్కన కూర్చునేవాడున్నాడు అని నేను చెప్పలేకపోయాను.

జూన్ మొదట్లో డాక్టరు మళ్ళీ రక్తం చూశాడు. షుగర్ గీత కిందికి దిగింది. ఇలాగే సాగించమన్నాడు. ఆ రోజు లెదీనా నన్ను కౌగిలించుకుని గిరగిరా తిప్పింది.

ఇక నా నిర్వాకం. పదినిమిషాలు దాటినా అమ్మకం జరగని కాల్ ఏదైనా ఉంటే దానికి కారణం రాయాలి. అది నా పని. "సోమరితనం" అని రాస్తే పిల్ల సీటు పోతుంది. కాబట్టి నేను "కొనేలా ఉన్నాడు" అని రాశాను. రోజూ రాశాను. నలభై రెండుసార్లు రాశాను, పైగా ఓర్పుకి పదికి పది వేశాను. పట్టికలో లెదీనా మొదటి పేరు. తెలివైనదాన్ననుకున్నాను. నలభై రెండు రోజులు కొనేలా ఉండి కొనని మనిషి ఈ భూమ్మీద ఉండడన్న ఇంగితం నాకు లేకపోయింది.

జెంతియాన్‌కి ఉంది. జూన్ ఇరవైన ఒంటిగంటకి లెదీనా కుర్చీ దగ్గరికొచ్చి, "లే బంగారం, ఈయన బేరం నేను ముగిస్తా" అని హెడ్‌ఫోన్ లాక్కున్నాడు. ఆ పిల్ల చేతిలో డబ్బా మూత అప్పుడే తీసి ఉంది.

ఆ రికార్డింగు తర్వాత విన్నాను. ఒరెస్తె గొంతు హుషారుగా ఉంది. "ఇవాళేం తెచ్చుకున్నావు తల్లీ? నేను బఠాణీలు వండా." జెంతియాన్ మాట్లాడలేదు. ముసలాయనకి అర్థమైపోయింది. "నువ్వు ఆ అమ్మాయివి కాదు. నా వల్ల మాట పడిందా? చూడు నాయనా, ఆమె తప్పేం లేదు, నేనే తేల్చుకోలేకపోయా. మాత్రలు పంపించు. ఏడాదికి కాదు, రెండేళ్ళకి పంపించు."

జెంతియాన్ తిడతాడనుకున్నాం. తిట్టినా బావుండేది. ఆ రికార్డింగు ఇంకోసారి విని, నెమ్మదిగా నవ్వాడు.

సోమవారం కల్లా ప్రతి టేబుల్ మీదా కంపెనీ ఖర్చుతో రొట్టె ముక్కలు, తీపి బిస్కెట్లు. దాని పేరు భోజన పద్ధతి. ఒంటరి ముసలివాళ్ళు ఎత్తగానే, నేనూ తింటున్నానండీ అని కొరకాలి. వాళ్ళు జాలిపడాలి. జాలిపడ్డాక కాగితం చదవాలి. ముప్ఫై మందికీ నేర్పించేది లెదీనా.

"పొద్దున సీటో?" అని జెంతియాన్‌ని అడిగాను నేనే.

"లుమ్తూరీ అక్కా, నువ్వే కదా పదికి పది వేశావు? అంత ఓర్పున్న పిల్లని ఉత్తరాలకి పంపిస్తానా? జీతం పెంచా. ఇంకేం కావాలి దానికి?"

సీటు దొనీకా మరదలికి వెళ్ళింది.

లెదీనా మానేస్తే బతుకెలా? అద్దె ఉంది, అమ్మ ఉంది. రోజుకి ఇరవైసార్లు రొట్టె కొరికేది, ఏ గంటకైనా సరే. అవతల ఎవరు ఎత్తితే వాళ్ళతో. డబ్బాలో పులుసు తెరవకుండా ఇంటికెళ్ళేది. ఒంటిగంటకి ఆ పిల్లకి ఆకలే వెయ్యడం మానేసింది. రాత్రి మళ్ళీ అమ్మ చేతి వేడి అన్నం. హైరియె నాకు ఫోన్ చేసి సంతోషపడింది, పిల్ల దారికొచ్చిందని.

ఒరెస్తె నంబరు జాబితాలో పైకెక్కింది. మా వాళ్ళే ఐదారుగురు ఆయనకి ఫోన్ చేసి నమిలి వినిపించారు. ఆగస్టులో లెదీనా ధైర్యం చేసి తనే కొట్టింది. చాలాసేపటికి ఎత్తాడు.

"సిన్యోర్ ఒరెస్తె, నేనండీ."

"తెలుసమ్మా." కుర్చీ జరిపిన చప్పుడు. "నేనిప్పుడు పదకొండింటికే తినేస్తున్నా. ఒంటిగంటకి ఫోన్ తీసి పక్కన పెడుతున్నా. ఇవాళ మర్చిపోయా." కోపంగా అనలేదు. ఫోన్ పెట్టేశాడు. ఆ కాల్‌కి నేను మార్కులు వెయ్యలేదు. ఆ ఒక్కటే నేను చేసిన మంచిపని, అదీ ఎవరికీ పనికిరానిది.

సెప్టెంబర్‌లో ఆర్నెల్లూ నిండాయి. షుగర్ మార్చిలో ఉన్నదానికంటే పైకెళ్ళింది. డాక్టరు ఈసారి వేళల గురించి ఏమీ అడగలేదట. మందు రాసిచ్చాడు. ఆ చీటీ నా టేబుల్ మీద పెట్టింది లెదీనా. పక్క వరుసలో ముప్ఫై మంది కొరుకుతూ మాట్లాడుతున్నారు.

"పిన్నీ, భోజనం అయ్యాక ఒకటి వేసుకోమన్నాడు," అంది తన టేబుల్ మీది రొట్టె ముక్కలు చూపిస్తూ. "ఇందులో ఏది భోజనం?"