‘సరే’ అంటే ఊరుకోని మనిషి

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా బతికి లేదు. ఆఫీసు మొత్తానికి ఆయన మళ్ళీచెప్పు బాబాయి. విమానాల కంట్రోల్ గదిలో ఓ మూల ఆయన బల్ల, దాని మీద అంకెలు లేని నల్ల ఫోను. ఎత్తితే చాలు, క్షిపణి దళం వాళ్ళ గదిలో మోగుతుంది. ఏ ప్రయాణికుల విమానం ఏ వేళకి వాళ్ళ ఆకాశంలోకి వస్తుందో ముందుగా చెప్పడమే ఆయన ఉద్యోగం. చెప్పకపోతే వాళ్ళ తెర మీద అది ఊరూ పేరూ లేని చుక్క. సరిహద్దులో గొడవలు మొదలయ్యాక అలాంటి చుక్క కనిపిస్తే చాలు, వాళ్ళ చేతులు బొత్తాం వైపు పోతున్నాయి.

చెప్పడానికేం, ఎవరైనా చెప్తారు. ఈయన మాత్రం విన్నవాడు అంకె అంకె తిరిగి అప్పజెప్పేదాకా ఫోను పెట్టడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ ‘సరే’ని నమ్మి పెట్టేశాడు. పావుగంటలో ఓ యుద్ధ విమానం వచ్చి ప్రయాణికుల విమానం రెక్క పక్కన నిలబడింది. కిటికీల్లో పిల్లల మొహాలు కనిపించి ఆ యుద్ధ విమానం పైలట్ వెనక్కి తగ్గాడు కాబట్టి సరిపోయింది. అప్పట్నించీ బాబాయికి ఎడమ మోకాలు ఊగే జబ్బు, ఎవరి మాటా ఒక్కసారికి నమ్మని జబ్బు, రెండూ పట్టుకున్నాయి.

ఇంట్లోనూ అదే గోల.

“గ్యాస్ కట్టేశావా?”

“ఊఁ.”

“ఊఁ అంటే? ఏం కట్టేశావ్?”

“నా నోరు కట్టేసుకున్నాను. మీరు ఆఫీసుకి వెళ్ళండి మహానుభావా!” అంటుంది భార్య.

ఓ రోజు మధ్యాహ్నం, వేరే ఊరి నుంచి ఇక్కడికి రావాల్సిన విమానం టైరు మార్చడంలో యాభై నిమిషాలు ఆలస్యంగా లేచింది. బాబాయి నల్ల ఫోను ఎత్తాడు. అవతల కొత్త గొంతు.

“ఏడు వందల పద్నాలుగు నంబరు విమానం ఆలస్యం. మూడు నలభైకి మీ వైపు వస్తుంది.”

“సరే సార్.”

“తిరిగి చెప్పు నాయనా.”

“తెలిసింది సార్, ఇక్కడ పనుంది.” టక్కున పెట్టేశాడు.

బాబాయి మళ్ళీ ఎత్తాడు. మోగింది, మోగింది, ఎవరూ తియ్యలేదు. గోడ గడియారం మూడు ఇరవై తొమ్మిది. మోకాలు తగిలి బల్ల మీద పెన్నులు దొర్లుతున్నాయి.

“బాబాయ్, ఆ బల్ల కూల్చేస్తావా ఏంటి?” అంది పక్క సీటు కంట్రోలరమ్మాయి.

“ఏడు పద్నాలుగుని లోపలికి రానివ్వకు తల్లీ. బయటే చుట్లు తిప్పు.”

“వాళ్ళకి చెప్పావుగా?”

“చెప్పాను. వాడు వినలేదు.”

నల్ల ఫోను మనిషి ఆపమంటే ఆపాలని రూలుంది. ఇన్నేళ్ళలో బాబాయి రెండుసార్లు ఆపమన్నాడు. రెండూ ఉత్తవే, రెండిటికీ మెమోలొచ్చాయి. సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు.

“నూట నలభై మందిని గాల్లో బొంగరంలా తిప్పుతావా? వాడు తెలిసిందన్నాడా లేదా?”

“అన్నాడండీ. ఏం తెలిసిందో చెప్పలేదు.”

“ఇదీ ఉత్తదైతే ఈసారి మెమో కాదు, నీ కుర్చీయే లేచిపోతుంది. ఆలోచించుకో.”

ఊగే మోకాలు ఆగింది. “తిప్పు తల్లీ,” అన్నాడు బాబాయి.

మూడు నలభై మూడుకి అవతల ఫోను తీశారు. అదే గొంతు.

“ఏడు వందల పద్నాలుగు ఎక్కడ రాశావో చదువు.”

కాగితాలు తిప్పిన చప్పుడు. “అది రెండు యాభైకే వెళ్ళిపోయిందిగా సార్? జాబితాలో ఎర్రగీత కొట్టేశాం. కొట్టేసినదాని గురించి మళ్ళీ ఎందుకు చెప్తున్నారా అనుకున్నా.”

విమానం వచ్చినా రాకపోయినా, వేళ దాటితే చాలు, వాళ్ళు ఎర్రగీత కొట్టేస్తారు. ఆ సంగతి ఇన్నేళ్ళకి ఇవాళ బయటపడింది.

“నాయనా, అది ఇంకా గాల్లోనే ఉంది. రాయి. రాసి చదువు.”

అటు వాడు రాసుకున్నాడు. తర్వాత ఒక్కో అంకే చదివాడు. పక్కనే నిలబడి అంతా విన్న సూపర్‌వైజర్ తిట్టనూ లేదు, మెచ్చుకోనూ లేదు. “ఇక రానివ్వండి,” అని గొణిగి వెళ్ళిపోయాడు.

షిఫ్టు దిగినా బాబాయికి ఇంటికి కాళ్ళు పోలేదు. కింద సామాన్ల బెల్టు దగ్గరికెళ్ళి నిలబడి, నూట నలభై మందీ దిగారా లేదా అని ఒక్కొక్కరినే లెక్కపెడుతున్నాడు. ఏడు పద్నాలుగులో దిగిన ఓ పెద్దమనిషి ఈయన మెడలో కార్డు చూసి మీదికొచ్చాడు.

“ఇక్కడివాడివేనా నువ్వు? అసలే ఆలస్యం, పైగా గాల్లో గానుగెద్దులా తిప్పారు! బుద్ధుందా మీకు?”

“మళ్ళీ చెప్పండి,” అన్నాడు బాబాయి.

ఆయన ఇంకా గట్టిగా తిట్టాడు. బాబాయి ఒక్క ముక్క పోకుండా విని, దిగొచ్చేవాళ్ళని మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మోకాలు మళ్ళీ ఊగుతోంది.