ఇరవై నిమిషాల అక్క

ఇప్పుడు పనంతా మణికట్టు దగ్గరే అయిపోతోంది. సన్నటి తీగ మీద బెలూన్‌ని గుండె దాకా పంపి, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి, నెత్తురు ఆగడానికి చేతికి ఓ ప్లాస్టిక్ పట్టీ బిగిస్తే సరి. ఆ పట్టీని చూసినప్పుడల్లా సీనియర్ నర్సుకు చిర్రెత్తుకొస్తుంది. దానికి నోరా, చెవులా?

ఆవిడ చేరిన కొత్తలో బెలూన్ తొడ దగ్గర నుంచే వెళ్లేది. తర్వాత అక్కడ దూర్చిన గొట్టం తీసి, నెత్తురు ఆగేదాకా ఎవరో ఒకరు ఇరవై నిమిషాలు చేత్తో నొక్కిపట్టాలి. ఆ పని ఎప్పుడూ ఈవిడ నెత్తినే పడేది. వార్డంతా ‘ఇరవై నిమిషాల అక్క’ అని ఏడిపించేవారు. రోగి కదలకూడదు, ఆవిడ చెయ్యి తియ్యకూడదు. కబుర్లు చెప్పుకోక ఏం చేస్తారు? అల్లుళ్ల మీద చాడీలు, ఎవరికీ చెప్పని పాత ప్రేమలు, ఎన్ని విందో! తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఈ పట్టీలు రాకముందు, ఓ మధ్యాహ్నం ఆరో నంబరు మంచం మీద సొంత అన్నయ్య ఉన్నాడు.

“ఊళ్లోవాళ్ల ఒళ్లు తుడిచే ఉద్యోగమా?” అని, ఆవిడ నర్సింగులో చేరిన రోజే మాట మానేసిన మనిషి. పదకొండేళ్లయింది. పెళ్లికి రాలేదు, కూతురు పుడితే తొంగిచూడలేదు.

ఇంకో నర్సుకు అప్పగించొచ్చు. ఆవిడకు మనసొప్పలేదు. గొట్టం తీసి, రెండు చేతులూ ఆనించి నొక్కింది. ఆయన గోడవైపు మొహం తిప్పుకున్నాడు. లేచిపోదామంటే లేవలేడు పాపం. ఈ ఇరవై నిమిషాల్లో మాట్లాడకపోతే ఇక ఈ జన్మకి మాట్లాడడని ఆవిడకు భయం. పది నిమిషాలయ్యాయి, పదిహేనయ్యాయి.

“చెయ్యి నొప్పెట్టట్లేదూ?” అన్నాడు గోడతోనే.

“అలవాటే.”

“చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే కాళ్లు నువ్వే పట్టేదానివి. సగంలోనే కునుకు తీసేదానివనుకో.”

“అబద్ధం! ముందు గుర్రుపెట్టింది నువ్వే.”

ఆయనకు నవ్వొచ్చింది. “కదలొద్దు” అని గదమాయించింది, కళ్లనిండా నీళ్లతో.

గడియారంలో ఇరవై దాటింది. నెత్తురు ఎప్పుడో ఆగిపోయింది, వేళ్లకు తెలుస్తూనే ఉంది. చెయ్యి తీస్తే పక్క మంచానికి వెళ్లక తప్పదు.

“ఆగిందా?” అన్నాడు.

ఉద్యోగంలో అప్పటిదాకా ఒక్క అబద్ధం ఆడి ఎరగదు.

“ఇంకా లేదన్నయ్యా.”

ఆయన మెల్లగా మొహం ఇటు తిప్పాడు.

“అయితే చెప్పు, నీ కూతురిది ఎవరి పోలిక?”